ఉరికొయ్యకూ క్షమాభిక్షకూ మధ్య: పద్దెనిమిదో శతాబ్దపు యార్క్‌షైర్‌లో నేరం, శిక్ష

సభకు నమస్కారం.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఏయే తప్పులకు ఉరి వేసేవారో చెబితే ఇవాళ నమ్మడం కష్టం. 1688 ప్రాంతంలో యాభై దాకా ఉన్న మరణదండన నేరాలు పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లకు రెండు వందలు దాటాయి. అంగడిలో ఐదు షిల్లింగుల సరుకు ఎవరి కంటా పడకుండా తీసుకుపోయినా, నివాసగృహంలో నలభై షిల్లింగుల సొత్తు దొంగిలించినా, గొర్రెను తోలుకుపోయినా, ముఖానికి మసి పూసుకుని ఆయుధంతో ఒక దొరగారి జింకల వనంలో తిరిగినా శిక్ష ఒకటే. ఇన్ని చట్టాలుంటే ఊరూరా శవాలు వేలాడి ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. కాని చట్టాలు పెరిగిన లెక్కలో ఉరితీతలు పెరగలేదు. ఆ శతాబ్దంలో చాలా కాలంపాటు, చాలా కౌంటీలలో (జిల్లాలవంటి ప్రాంతాలలో), మరణశిక్ష పడినవారిలో సగానికి పైగా మనుషులు ఉరికొయ్య దాకా వెళ్లనే లేదు.

ఇది చూసి, చట్టం కఠినంగా ఉన్నా మనసులు మెత్తనివి కదా అని సరిపెట్టుకునేవారున్నారు. నేను అలా అనుకోవడం లేదు. ఆ చట్టం అందరినీ చంపడానికి రాసింది కాదు, అందరి ప్రాణాలనూ కొందరి చేతిలో పెట్టడానికి రాసింది అన్నది నా అభిప్రాయం. ఎవరిని వదలాలి, ఎవరిని వేలాడదీయాలి అన్న నిర్ణయంలోనే దాని బలమంతా ఉంది. ఇంగ్లండ్ మొత్తాన్నీ కాకుండా ఒక్క కౌంటీని తీసుకుని, అక్కడ కొందరు మనుషులకు జరిగినదాన్ని అనుసరిస్తూ ఈ మాట చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఆ కౌంటీ యార్క్‌షైర్. విస్తీర్ణంలో ఇంగ్లండ్ కౌంటీలన్నిటిలో పెద్దది. పశ్చిమ భాగంలో లీడ్స్, హాలిఫాక్స్ చుట్టూ ఉన్ని బట్ట నేసే పల్లెలు, తూర్పున హల్, విట్‌బీ రేవులు, ఉత్తరాన గొర్రెలు మేసే బీడు కొండలు, మధ్యలో ప్రాచీన నగరం యార్క్. ఈ కౌంటీలో ప్రాణం మీదికి వచ్చే నేరం ఎక్కడ జరిగినా విచారణ మామూలుగా యార్క్ కోటలోనే. 1705 నాటికి అక్కడ కొత్త జైలు భవనం పూర్తయింది. 1770లలో వాస్తుశిల్పి జాన్ కార్ రూపకల్పన చేసిన కోర్టు భవనం దాని పక్కన లేచింది. ఆ రెండూ ఈనాటికీ నిలిచే ఉన్నాయి. ఒకటి మ్యూజియం, రెండోది ఇప్పటికీ న్యాయస్థానం. ఊరి బయట టాడ్‌కాస్టర్ వెళ్లే దారి పక్కన నేవ్స్‌మైర్ అనే పచ్చిక మైదానం ఉంది. 1379 నుంచి ఉరికొయ్య అక్కడే. 1731 నుంచి అదే మైదానంలో గుర్రప్పందేలు కూడా జరిగేవి.

ముందు విచారణ ఎలా సాగేదో చూద్దాం, ఎందుకంటే అసలు విషయం అందులోనే దాగి ఉంది. ఆనాడు పోలీసు వ్యవస్థ లేదు. ఊరికొక కానిస్టేబులు ఉండేవాడు, అతను కూడా తన వ్యవసాయమో వ్యాపారమో చూసుకుంటూ ఏడాదిపాటు ఆ బాధ్యత మోసే సామాన్యుడు. వస్తువు పోగొట్టుకున్నవాడే దొంగను వెతకాలి, సాక్షులను కూడగట్టాలి, మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకుపోవాలి, ఫిర్యాదు పత్రానికి రుసుము కట్టాలి, తర్వాత యార్క్ వరకు ప్రయాణం చేసి అక్కడ బస చేయాలి. కొండ పల్లెలో ఒక చిన్న రైతుకు ఇది తలకు మించిన ఖర్చు. అందుకే చాలా దొంగతనాలు కోర్టు ముఖం చూడలేదు. సొత్తు తిరిగి ఇప్పించుకుని క్షమాపణ చెప్పించుకోవడమో, నాలుగు తగిలించి వదిలేయడమో జరిగేది. అంటే క్షమించే అధికారం మొదట బాధితుడి దగ్గరే మొదలయ్యేది. ఆ అధికారం వాడుకోవడంలో అతనికి దొంగ ఎవరు, ఎవరింటి మనిషి, ముందుముందు పనికి వస్తాడా అన్నవి లెక్కలోకి వచ్చేవి.

అసైజు అనే పెద్ద న్యాయస్థానం ఏడాదికి రెండుసార్లు, వసంతారంభంలో ఒకసారి, వేసవిలో ఒకసారి యార్క్‌లో కూర్చునేది. లండన్ నుంచి ఇద్దరు న్యాయమూర్తులు గుర్రపుబండ్లలో వచ్చేవారు. కౌంటీలో రాజు తరఫు అధికారి అయిన షెరీఫ్ బల్లేల బంట్లతో, బాకాలతో ఎదురేగి వారిని నగరంలోకి తెచ్చేవాడు. మరి ఆగస్టులో అసైజు ముగిసిన మర్నాడు పట్టుబడ్డవాడి సంగతేమిటి? మార్చి దాకా కోటలో పడి ఉండాలి. జైళ్ల సంస్కర్త జాన్ హోవర్డ్ 1770లలో ఆ జైలును చూసి రాసిన వివరాల ప్రకారం, చలికాలంలో ఖైదీలను రోజుకు పద్నాలుగు నుంచి పదహారు గంటలు ఇరుకు చీకటి కొట్లలో తాళం వేసి ఉంచేవారు. కొట్లలో నీళ్లు లేవు. జైలు జ్వరం అనే టైఫస్ ఆ శతాబ్దపు ఇంగ్లండు జైళ్లలో తీర్పు రాకముందే ఎందరినో తీసుకుపోయింది. ఏ శిక్షా పడకుండానే చనిపోయిన వీళ్లు ఉరిశిక్షల లెక్కలలో కనబడరు. మరణశిక్ష గురించి మాట్లాడేటప్పుడు మనం వీళ్లను మరిచిపోకూడదు.

విచారణ నిమిషాలలో ముగిసేది. ముందు కౌంటీలోని పెద్ద భూస్వాములు కూర్చునే గ్రాండ్ జ్యూరీ, కేసు నిలుస్తుందా లేదా అని తేల్చేది. నిలిస్తే పన్నెండు మంది మధ్యతరగతి ఆస్తిపరులున్న జ్యూరీ ముందుకు ఖైదీ వచ్చేవాడు. తన మీద మోపిన అభియోగ పత్రం నకలు అతనికి ఇచ్చేవారు కారు. 1730ల నుంచి న్యాయవాది సాక్షులను ప్రశ్నించడానికి కొందరు న్యాయమూర్తులు ఒప్పుకోసాగారు గాని, ఖైదీ తరఫున జ్యూరీతో మాట్లాడే హక్కు న్యాయవాదికి 1836 దాకా రాలేదు. నిర్దోషికి తన నిర్దోషిత్వం చెప్పుకోవడానికి నేర్పు అక్కర్లేదని ఆనాటి న్యాయశాస్త్రుల నమ్మకం. ఆరు నెలలు చీకట్లో మగ్గి, సంకెళ్లతో వచ్చి, విగ్గులు ధరించిన పెద్దల ముందు నిలబడిన నేత కూలీకి నోరెలా పెగిలేదో వాళ్లు ఆలోచించలేదు.

జ్యూరీ చేతిలోనూ కొంత దయ ఉండేది. నలభై షిల్లింగులకు ఉరి అని చట్టం అంటే, కళ్లెదుట కనబడుతున్న సొత్తుకు ముప్పై తొమ్మిది షిల్లింగులే విలువ కట్టి మనిషిని బతికించేవారు. 1718 చట్టం వచ్చాక ఉరికి బదులు అమెరికా వలసలకు ఏడేళ్లో పద్నాలుగేళ్లో ప్రవాసం పంపే వీలు కలిగింది. గడువు తీరకముందే తిరిగొస్తే మళ్లీ ఉరే. ఇవన్నీ దాటి మరణశిక్ష పడినా, న్యాయమూర్తి నగరం విడిచి వెళ్లే ముందు తన జాబితా చూసుకుని, కొందరికి శిక్ష నిలిపివేసి, రాజుగారి క్షమాభిక్షకు సిఫార్సు రాసేవాడు. మిగిలినవారి పేర్లు షెరీఫ్ చేతికి వెళ్లేవి. ఈ జాబితా తయారయ్యే వేళే అసలైన విచారణ జరిగేదని నాకనిపిస్తుంది. ఖైదీ పనిచేసిన యజమాని, ఊరి చర్చి పాదిరి, భూస్వామి, వీళ్లలో ఒకరైనా మంచివాడని ఉత్తరం రాస్తే గొంతు చుట్టూ ఉన్న ఉచ్చు సడలేది. ఊరూరా పని వెతుక్కుంటూ తిరిగేవాడికి, ఎవరూ ఎరగని పరదేశికి ఆ ఉత్తరం ఎవరు రాస్తారు? చట్టం ముందు ఇద్దరి నేరమూ ఒకటే అయినా, ప్రాణం నిలిచేది మాత్రం పెద్దలతో పరిచయం ఉన్నవాడిదే.

పరదేశి అనగానే డిక్ టర్పిన్ గుర్తుకొస్తాడు. నల్లగుర్రం మీద ఒక్క రోజులో లండన్ నుంచి యార్క్ వచ్చిన సాహసి అన్న కథ పంతొమ్మిదో శతాబ్దపు నవల వల్ల ప్రచారంలోకి వచ్చింది. అలాంటి ప్రయాణం టర్పిన్ చేయలేదు. ఎసెక్స్‌లో కసాయి వృత్తి చేసిన అతను ఇళ్లలో చొరబడి ముసలివాళ్లను చిత్రహింసలు పెట్టిన ముఠాలో మనిషి, 1737లో ఎపింగ్ అడవిలో ఒకణ్ణి కాల్చి చంపినవాడు. అతన్ని పట్టిస్తే రెండు వందల పౌన్లు బహుమతి అని ప్రభుత్వం ప్రకటించింది. పేరు మార్చుకుని, జాన్ పామర్ అనే గుర్రాల వ్యాపారిగా యార్క్‌షైర్ తూర్పు భాగంలోని బ్రౌ అనే ఊళ్లో కాపురం పెట్టాడు. 1738 అక్టోబరులో వీధిలో ఒకరి కోడిపుంజును కాల్చాడు, మందలించిన మనిషిని కూడా కాలుస్తానన్నాడు. మంచి నడవడికకు జామీను ఇచ్చేవారు లేక బెవర్లీ నిర్బంధశాలకు, గుర్రాల దొంగతనం అనుమానం బయటపడ్డాక యార్క్ కోటకు చేరాడు. అక్కడి నుంచి ఎసెక్స్‌లోని బావమరిదికి ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో ఉత్తరం ఖర్చు అందుకున్నవాడు కట్టాలి. బావమరిది ఆ ఖర్చు పెట్టడానికి ఒప్పుకోలేదు. తిరిగి తపాలా కార్యాలయానికి వచ్చిన ఆ కవరు మీది చేతిరాతను, చిన్నప్పుడు టర్పిన్‌కు అక్షరాలు దిద్దించిన జేమ్స్ స్మిత్ గుర్తుపట్టాడు.

1739 మార్చి 22న విచారణ జరిగింది. నేరం హత్య కాదు, గుర్రాలను దొంగిలించడం. తనను ఎసెక్స్‌కు తరలించి విచారిస్తారనుకున్నానని, అందుకే సాక్షులను పిలిపించుకోలేదని టర్పిన్ మొరపెట్టుకున్నాడు. కోర్టు వినలేదు. ఏప్రిల్ 7న నేవ్స్‌మైర్‌లో ఉరి వేశారు. అతని మీద నాకు జాలి లేదు. కాని ఆ రోజు తాడు బిగించిన తలారి ఎవరన్నది గమనించదగింది. యార్క్‌కు అప్పట్లో జీతం మీద పనిచేసే శాశ్వత తలారి లేడు. ఉరిశిక్ష పడిన ఖైదీల్లో ఒకడికి ఆ పని ఒప్పుకుంటే క్షమాభిక్ష ఇచ్చేవారు. టర్పిన్‌ను ఉరి తీసినవాడూ అలా బతికి బయటపడిన దారిదోపిడీ దొంగే. క్షమాభిక్ష ఎంత తేలిగ్గా చేతులు మారే వస్తువో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక యార్క్‌షైర్‌లో చట్టం ఎవరి ఆస్తి కోసం పహరా కాసిందో చెప్పాలి. ఇక్కడి సంపద ఉన్ని. తడిపిన బట్టను మేకులు కొట్టిన చట్రాల మీద సాగదీసి పొలాల్లో ఆరబెట్టేవారు. రాత్రంతా ఆరుబయట ఉండే ఆ బట్టకు కాపలా అసాధ్యం. 1670లోనే ఆ చట్రాల మీది బట్ట దొంగతనాన్ని ఉరిశిక్ష నేరం చేశారు. అంతకుముందు హాలిఫాక్స్‌లో మరీ ప్రత్యేకమైన ఆచారం ఉండేది. పదమూడున్నర పెన్నీల విలువ చేసే సొత్తుతో పట్టుబడ్డవాణ్ణి ఊరివారే విచారించి, కొయ్య చట్రంలోంచి జారే గండ్రగొడ్డలితో తల నరికేవారు. అది 1650తో ఆగింది. 1741లో గొర్రెల దొంగతనానికి ఉరి వచ్చింది. కాపలా పెట్టలేని చోట భయాన్ని కాపలా పెట్టడం ఆ శతాబ్దపు శాసనకర్తల పద్ధతి.

ఆ భయం పారని చోటు ఒకటుంది, అది హాలిఫాక్స్‌కు పడమట ఉన్న క్రాగ్ వేల్ లోయ. నేటి మన చర్చకు దానికన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1760ల చివర అక్కడి నేతగాళ్లు బంగారు నాణేల అంచులు కత్తిరించి, ఆకురాయి పెట్టి, ఆ రజను కరిగించి, దానితో పోర్చుగీసు నాణేలకు నకళ్లు అచ్చు వేయసాగారు. పోర్చుగల్ నాణేలు అప్పుడు ఇంగ్లండ్‌లో మామూలుగా చలామణి అయ్యేవి. ప్రభుత్వం చేసిన నాణేలు అరిగిపోయి, చాలినన్ని లేక, వ్యాపారం ఇబ్బంది పడుతున్న కాలం. అందుకే బట్ట వర్తకులు, సత్రాల యజమానులు కూడా చూసీచూడనట్టు తమ గినియాలను, అంటే ఇంగ్లండ్ బంగారు నాణేలను, ఈ లోయకు పంపి లాభంలో వాటా పుచ్చుకున్నారు. ఈ ముఠా పెద్దకు డేవిడ్ హార్ట్‌లీ అని పేరు, లోయ జనం అతన్ని డేవిడ్ రాజు అనేవారు. చట్టం దృష్టిలో ఇది రాజద్రోహం. లోయ దృష్టిలో ఇది తాము పస్తులుండకుండా నాలుగు మెతుకులు సంపాదించుకునే పని.

ఎక్సైజు అధికారి విలియం డైటన్ ఈ ముఠా వెంటపడ్డాడు. ముఠాలోనే ఒకణ్ణి ఆశపెట్టి సాక్షిగా మలుచుకున్నాడు. 1769 అక్టోబరులో హార్ట్‌లీ పట్టుబడి యార్క్ కోటకు వెళ్లాడు. నవంబరులో ఒక అర్ధరాత్రి హాలిఫాక్స్‌లో ఇంటికి తిరిగి వెళ్తున్న డైటన్‌ను కాల్చి చంపారు. అంతవరకు ఉదాసీనంగా ఉన్న పెద్దలు ఒక్కసారిగా మేల్కొన్నారు. మాజీ ప్రధాని, యార్క్‌షైర్ పశ్చిమ భాగమైన వెస్ట్ రైడింగ్‌కు అధిపతి అయిన రాకింగ్‌హామ్ ప్రభువు స్వయంగా హాలిఫాక్స్ వచ్చి మేజిస్ట్రేట్లను కూడగట్టాడు. 1770 ఏప్రిల్ 28న హార్ట్‌లీని నేవ్స్‌మైర్‌లో ఉరి తీశారు. అతని వాళ్లు శవాన్ని కొండ మీది హెప్టన్‌స్టాల్ చర్చి ఆవరణలో పాతిపెట్టారు. డైటన్‌ను చంపినవాళ్లు రాబర్ట్ థామస్, మాథ్యూ నార్మంటన్. సాక్ష్యం నమ్మలేక జ్యూరీ వాళ్లను హత్యానేరం నుంచి విడుదల చేసింది. ఒకసారి విడుదలైన నేరానికి మళ్లీ విచారణ కుదరదు. కనుక కొన్నేళ్ల తర్వాత, చనిపోయిన డైటన్ జేబులోంచి డబ్బు తీసినందుకు దారిదోపిడీ కింద వాళ్లను మళ్లీ కోర్టుకెక్కించి, ఒకణ్ణి 1774లో, రెండోవాణ్ణి 1775లో ఉరి తీశారు. థామస్ శవాన్ని ఇనుప బద్దీలలో బిగించి, హాలిఫాక్స్ పట్టణమంతా చూసేలా బీకన్ కొండ మీద వేలాడదీశారు.

ఇంత చేసినా నాణేల అంచులు కత్తిరించడాన్ని ఆపింది ఉరికొయ్య అని నేను నమ్మను. 1773లో ప్రభుత్వం బరువు తగ్గిన బంగారు నాణేలను చలామణిలోంచి తీసేయడం మొదలుపెట్టి, వాటిని కరిగించి కొత్తవి అచ్చు వేసింది. ప్రతి దుకాణంలో త్రాసు పెట్టి గినియాను తూచడం అలవాటైంది. కత్తిరించిన నాణేన్ని పుచ్చుకునేవాడు లేకపోతే కత్తిరించేవాడికి పనేముంది?

డబ్బు మీద, పత్రం మీద నమ్మకం పోతుందంటే ఆ రాజ్యానికి ఎంత భయమో మన దేశానికీ తెలిసివచ్చింది. 1729లో ఇంగ్లండ్ పార్లమెంటు ఫోర్జరీకి ఉరి విధించింది. ఆ చట్టాన్నే కలకత్తా సుప్రీంకోర్టు మహారాజా నందకుమార్‌కు వర్తింపజేసింది. 1775 ఆగస్టు 5న ఆయన్ను ఉరి తీశారు. ఫోర్జరీకి ప్రాణం తీయడం తమ ఆచారంలోగాని ధర్మంలోగాని లేని కలకత్తా జనం దిగ్భ్రాంతి చెందారు. లండన్ వర్తకుల భయంలోంచి పుట్టిన చట్టం హుగ్లీ ఒడ్డున ప్రాణం తీసింది. నార్మంటన్‌కు యార్క్‌లో ఉరిపడింది కూడా ఆ ఏడాదే.

రాజ్యం తనకే ముప్పు అనుకున్నప్పుడు దయ ఎలా ఇంకిపోయేదో 1746లో మరింత స్పష్టంగా కనబడింది. గద్దె కోల్పోయిన స్టువర్ట్ రాజవంశం తరఫున లేచిన తిరుగుబాటు ఓడిపోయాక, ఆ నవంబరులో ఇరవై ఇద్దరిని యార్క్‌లో ఉరి తీసి, శవాలను చీల్చారు. వారిలో చివరివాడు జేమ్స్ రీడ్ కత్తి పట్టిన సైనికుడు కాదు, వాద్యం ఊదేవాడు. స్కాట్లండ్ కొండ దళం వాద్యం లేకుండా యుద్ధానికి కదలదు కనుక ఆ వాద్యమూ ఆయుధమేనని కోర్టు తేల్చింది. ఇద్దరి తలలను మికిల్‌గేట్ ద్వారం మీద ఏళ్ల తరబడి ఉంచారు. 1754లో ఒక దర్జీ రాత్రివేళ వాటిని తీసేసినందుకు అతనికి జైలుశిక్ష వేశారు.

ఇక హత్య. హంతకుణ్ణి మామూలు దొంగ నుంచి వేరుచేయడానికి 1752 నుంచి ఒక చట్టం అమలైంది. తీర్పు వచ్చిన రెండో రోజునే ఉరి, ఆ తర్వాత శవాన్ని వైద్యుల కత్తికో ఇనుప బద్దీలకో అప్పగించాలి, పాతిపెట్టడానికి వీల్లేదు. నేర్స్‌బరో బడిపంతులు యూజీన్ ఏరమ్ ఈ చట్టం కిందికే వచ్చాడు. 1745లో మాయమైన డేనియల్ క్లార్క్ అనే చెప్పులు కుట్టేవాడి అస్థికలు పదమూడేళ్ల తర్వాత ఒక గుహలో దొరికాయి. తోటి నిందితుడు సాక్షిగా మారాడు. లాటిన్, గ్రీకు, హీబ్రూ, వెల్ష్ భాషలను స్వయంగా నేర్చుకున్న ఏరమ్ తన వాదన తానే రాసుకుని చదివాడు. ఆ గుహ ఒకప్పుడు సన్న్యాసి నివాసమని, ఎముకలు ఎవరివైనా కావచ్చని వాదించాడు. వాదన చక్కగా ఉంది గాని సాక్షి మాటను ఎదుర్కోలేకపోయింది. 1759 ఆగస్టులో ఉరి తీసి నేర్స్‌బరో అడవిలో వేలాడదీశారు. అంత చదువుకున్నవాడే న్యాయవాది లేక నిలవలేకపోతే, నిశానీల మనుషుల సంగతి వేరే చెప్పాలా?

ఆడవారికి చట్టం ఇంకో క్రూరత్వం కేటాయించింది. భార్యను చంపిన భర్తది హత్య, భర్తను చంపిన భార్యది మాత్రం చిన్న రాజద్రోహం. ఇంటి యజమాని మీద ఎత్తిన చెయ్యి రాజు మీద ఎత్తినట్టే. దానికి శిక్ష దహనం. 1776లో ఫ్లాంబరోకు చెందిన ఎలిజబెత్ బ్రాడింగ్‌హామ్‌ను యార్క్‌లో ముందు గొంతు బిగించి, ఆ తర్వాత కాల్చారు. ఈ దహనశిక్ష 1790లో రద్దయింది. దానికి నాలుగేళ్ల ముందే యార్క్‌షైర్ ఎంపీ విలియం విల్బర్‌ఫోర్స్ దాన్ని తీసేయాలని బిల్లు తెచ్చాడు. అదే బిల్లులో దోపిడీదారుల శవాలను కూడా వైద్యుల కోతకు ఇవ్వాలని ఉంది. బానిస వ్యాపారం మీద పోరాడి మనం గౌరవించే మనిషి కూడా ఉరి తీసిన శవం మీద రాజ్యానికి హక్కుందని సందేహం లేకుండా నమ్మిన కాలం అది.

1775లో అమెరికా యుద్ధం మొదలై ప్రవాసపు దారి మూసుకుపోయింది. జైళ్లు కిక్కిరిశాయి. 1780లలో ఉరికి పంపేవారి నిష్పత్తి బాగా పెరిగింది. 1787లో ఆస్ట్రేలియాకు ఓడలు బయలుదేరాక ఆ ఒత్తిడి కొంత తగ్గింది. అంటే మనుషుల ప్రాణాలు వారి నేరం కన్నా ఓడల లభ్యత మీద ఎక్కువ ఆధారపడ్డాయి.

1801 ఆగస్టులో నేవ్స్‌మైర్ మైదానంలో చివరి ఉరి జరిగింది. 1802 నుంచి కోట గోడ పక్కనే కొత్త వేదిక కట్టి అక్కడ ఉరి తీశారు. దీన్ని కొందరు జాలి పెరిగిన గుర్తుగా రాస్తారు. ఖైదీల ఊరేగింపు నగర ప్రవేశ మార్గానికి అడ్డంకిగా, అవమానంగా తయారైందన్నదే అసలు కారణం. కొత్త వేదిక ముందు కూడా జనం మునుపటిలాగే గుమిగూడారు. 1813 జనవరిలో బట్ట నూగు కత్తిరించే యంత్రాల మీద తిరగబడిన ఉన్ని కార్మికుల ఉద్యమంతో ముడిపడిన కేసుల్లో పదిహేడు మందిని అక్కడే చంపారు, అందులో పద్నాలుగు మందిని ఒక్కరోజునే.

చట్టం మారడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1808లో చట్ట సంస్కరణ కోరిన ఎంపీ శామ్యూల్ రోమిలీ కృషితో జేబుదొంగకు ఉరి తప్పింది. 1810లో ఐదు షిల్లింగుల దుకాణ దొంగతనానికి ఉరి తీసేద్దామంటే, అలా చేస్తే ఎవరి ఆస్తికీ భద్రత ఉండదని ప్రధాన న్యాయమూర్తి ఎలెన్‌బరో ప్రభువుల సభలో అడ్డుకున్నాడు. గుర్రానికి, గొర్రెకు, పశువుకు మనిషి ప్రాణాన్ని బదులుగా కట్టే చట్టం 1832లో పోయింది. ఆ తర్వాత నాలుగేళ్లకు, యార్క్ కోటలో బోనెక్కిన ఖైదీ తరఫున ఒక న్యాయవాది లేచి జ్యూరీతో మాట్లాడటానికి చట్టం అనుమతించింది.